మహిమలు ముగిసిన పిదప

టెలివిజనులో వచ్చు భక్తి ధారావాహికలకు ఒక దశలో చిక్కు కలుగుచుండును. మూలగ్రంథములోని ప్రసిద్ధ ఘట్టములన్నియు ముగియును. ప్రసారము మాత్రము సాగవలసి యుండును. ప్రేక్షకుల ఆసక్తి సన్నగిల్లుచుండును. అప్పుడు రచయితలు తరచుగా రెండు దారులు త్రొక్కుదురు. మహిమల మీద మహిమలు పేర్చుట ఒకటి, కల్పిత దుష్టపాత్రలను ప్రవేశపెట్టుట మఱియొకటి. ఈ రెండును కథను పొడిగించునే కాని ముందునకు నడపవు.

కథ ముందునకు సాగుట యనగా నేమో 1988 నాటి ఉదంతము తెలుపును. రామానంద సాగర్ రూపొందించిన 'రామాయణ్' 1987 జనవరి 25న దూరదర్శనులో ఆరంభమై, 78 భాగములు నడచి, 1988 జూలై 31న ముగిసినది. పట్టాభిషేకముతో కథ సమాప్తము కానున్నదని తెలిసినప్పుడు, వాల్మీకిని తమ గురువుగా కొలుచు పారిశుద్ధ్య కార్మికులు జలంధరులో సమ్మె చేసిరి. సమ్మె ఉత్తరాదిలోని పలు నగరములకు ప్రాకినది. సీతకు ఆశ్రయమిచ్చి, లవకుశులకు విద్య గఱపిన మునిగా వాల్మీకి దర్శనమిచ్చుట ఉత్తరకాండలోనే గదా! తుదకు ఉత్తర రామాయణము కూడ చిత్రింపబడినది. ఆ కార్మికులు కోరినది మఱికొన్ని అద్భుతములను కాదు; ఆ మహాకథలో తమ గురువునకు దక్కవలసిన స్థానమును.

ఈ దృష్టితో షిర్డీ సాయిబాబా కథను పరిశీలింపవచ్చును. సోనీ టెలివిజనులో 2017లో మొదలై 2023లో ముగిసిన 'మేరే సాయి' వేయికి పైగా భాగములు నడచినది. అంత దీర్ఘమైన ధారావాహికకు ప్రతివారము నొక మహిమను సమకూర్చుట ఎవరికైనను కష్టమే. కాని దభోల్కర్ మరాఠీలో రచించిన 'శ్రీ సాయి సచ్చరిత్ర'ను శ్రద్ధగా చదివినవారికి సామగ్రి కొఱవడదు.

ఆ గ్రంథము మొదటి అధ్యాయములోనే తిరుగలి కనిపించును. బాబా గోధుమలు విసరుచుండగా నలుగురు స్త్రీలు వచ్చి పిడి అందుకొందురు. పిండి తమకేయని తలచి పంచుకొందురు. బాబా మందలించి, దానిని ఊరి పొలిమేరలో చల్లుమని చెప్పును. ఊరిలో కలరా ఉన్నదని, ఇది దాని నివారణకని పిమ్మట తెలియును. వ్యాధి తొలగుట ఒక్క దృశ్యము. ఊరి భయము, ఆ స్త్రీల చనువు, వారి ఆశ, ఆపై సిగ్గు – ఇవి కొన్ని వారముల కథ.

1910లో బాబా ధునిలో చేయి పెట్టి, దూరమున కొలిమిలో పడిన కమ్మరి బిడ్డను కాపాడిన వృత్తాంతము సుప్రసిద్ధము. కాలిన ఆ చేతికి నేయి రాసి కట్టు కట్టినవాడు భాగోజీ షిండే. అతడు కుష్ఠువ్యాధి పీడితుడు. గాయము మానిన పిదపను, 1918 అక్టోబరు 15న విజయదశమినాడు బాబా దేహము చాలించు వఱకు, అతడు ఆ సేవ మానలేదు. మహిమ క్షణకాలము, సేవ ఎనిమిదేండ్లు. రచయితకు నిజమైన కథ ఈ ఎనిమిదేండ్లలో కలదు. రోగభయముతో మనుష్యుని దూరముంచు లోకమునకు ఆ కథ నేటికిని అవసరము.

మసీదు ప్రక్క బడిలో పాఠములు చెప్పిన మాధవరావు దేశపాండే కథయు ఇట్టిదే. ఉపాధ్యాయుడు భక్తుడగు క్రమమును ఓపికతో చూపినచో, దుష్టపాత్ర యొకటి లేకయే కథ నడచును.

'తరువాత ఏమి జరిగినది?' యని మాత్రమే తలపోయు రచయితకు మహిమలు త్వరలో అయిపోవును. 'ఇది ఎవరి జీవితమును మార్చినది?' యని కూడ ప్రశ్నించుకొన్నవానికి కథ మిగిలియే యుండును.