గొలుసు తాకట్టు పెట్టేముందు...

ఇంట్లో ఏదైనా తయారుచేసి అమ్ముకుందామని ఒక ఇల్లాలు అనుకోవడమే ఆలస్యం, సలహాలిచ్చేవాళ్ళు బయల్దేరతారు. ‘మూడు రోజుల శిక్షణ, ఫీజు అయిదు వేలు’ అని ఒకరు. ‘మిషను మా దగ్గర కొనండి, మీరు చేసిన సరుకంతా మేమే తీసుకుంటాం’ అని ఇంకొకరు. ఆ సరుకు ఎవరికి కావాలో, ఎందుకు కావాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది తెలియకుండానే మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టి డబ్బాలు, లేబుళ్ళు, వ్యాపారానికో ముద్దుపేరు! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే కాబోలు.

డబ్బు పోసి తెలుసుకోవలసిన విషయం కాదిది. చేతిలో ఉన్న ఫోనుతో, ఓ పదిహేను సాయంత్రాలు ఓపిగ్గా కూర్చుంటే చాలావరకు మనమే తెలుసుకోవచ్చు.

మా కింది వాటాలో ఉండే అమ్మాయి సంగతే చూడండి. ఉగ్గుపిండి చేసి అమ్ముతానంది. పచ్చళ్ళు, పొడులంటే ఊరంతా అమ్ముతున్నారు, ఇదైతే చిన్న మార్కెట్టు, చంటిపిల్లల తల్లులు మాత్రమే కొంటారని ఆలోచించింది. మంచి ఆలోచనే. వాళ్ళ తమ్ముడి చేత బొద్దుగా నవ్వే పాప బొమ్మతో లేబులు కూడా గీయించింది. డబ్బు పెట్టేముందు కాస్త వెతుకుదాం రమ్మని నేనే కూర్చోబెట్టాను.

ముందు గూగుల్లో ‘ఉగ్గు’ అని కొట్టి ఆగితే, కింద దానంతటదే కొన్ని మాటలు చూపిస్తుంది. జనం వెతికినవే అవి. ఎలా చెయ్యాలని అడిగేవాళ్ళు వేరు, ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళు వేరు. మనకు కావలసింది రెండోవాళ్ళు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొట్టి చూడాలి. మన తల్లులు రెండు రకాలుగానూ వెతుకుతారు.

తర్వాత గూగుల్ ట్రెండ్స్. 2006 నుంచీ ఉంది, పైసా ఇవ్వక్కర్లేదు. ఒక మాటను ఏ రాష్ట్రంలో, ఏ నెలలో ఎక్కువగా వెతుకుతున్నారో గీత గీసి చూపిస్తుంది. ఇక్కడొక తిరకాసుంది సుమా! అందులో 100 అని కనబడితే వందమంది అని కాదు. మనం చూస్తున్న కాలంలో ఆ మాటకు అన్నిటికన్నా గిరాకీ ఉన్న రోజుకు 100 వేసి, మిగతా రోజుల్ని దాంతో పోల్చి చూపిస్తారు. ఆ వందను చూసి మురిసిపోయి వంద కిలోలు దంచితే కొంప మునుగుతుంది. మరీ చిన్న మాటలకైతే చాలినంత సమాచారం లేదనే వస్తుంది. అంతమాత్రాన కొనేవాళ్ళే లేరనుకోనక్కర్లేదు.

అన్నిటికన్నా అక్కరకొచ్చేది అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లలో కొన్నవాళ్ళు రాసే అభిప్రాయాలు. అయిదు నక్షత్రాలవి వదిలెయ్యండి. ‘చాలా బాగుంది’ అన్నదాంట్లో మనకు దొరికేదేమీ ఉండదు. రెండు, మూడు నక్షత్రాలు వేసినవాళ్ళే మన గురువులు. ఏం కావాలని కొన్నారు, ఏం దొరకలేదు అన్నది వాళ్ళు విడమర్చి రాస్తారు. ఓ నోటుపుస్తకం పెట్టుకుని ఒక్కొక్కటే రాసుకోవాలి. ఆ అమ్మాయి నాలుగు రోజుల్లో ఎనిమిది పేజీలు నింపింది.

అయిదో రోజున తెలిసింది అసలు సంగతి. తల్లిపాలకు తోడుగా ఆర్నెల్లు దాటిన పిల్లలకు పెట్టే తయారీ ఆహారం గురించి 1992లో చేసిన చట్టం ఒకటుంది. 2003లో దాన్ని సవరించి రెండేళ్ళ వయసు దాకా వర్తింపజేశారు. అలాంటి ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద పసిపాప బొమ్మగానీ తల్లి బొమ్మగానీ వెయ్యకూడదు. చట్టం పాఠం ప్రభుత్వంవారి ఇండియా కోడ్‌లో ఊరికే చదువుకోవచ్చు. ‘మరి నా పాప బొమ్మో అక్కా!’ అని ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. లేబుళ్ళు అచ్చు వేయించాక తెలిస్తే ఆ మొహం ఇంకెంత చిన్నబోయేదో!

అసలు బజారు తినుబండారాలకు గిరాకీ ఉందా అని సందేహపడేవాళ్ళకు ఇంకో ముక్క. ఇళ్ళల్లో దేనికెంత ఖర్చవుతోందో కేంద్ర ప్రభుత్వం సర్వే చేసి ఆ నివేదికను ఉచితంగానే పెడుతుంది. 2022-23 లెక్కలో పానీయాలు, చిరుతిళ్ళు, తయారీ ఆహారం మీద పట్నాల్లో ఖర్చు మొత్తం ఖర్చులో 10.64 శాతం. పల్లెల్లో 9.62. తిండి పద్దుల్లో అదే పెద్దది, పాలకన్నా బియ్యంకన్నా ఎక్కువ. అయితే అది మహాసముద్రం. మనం దింపే బిందె ఎంతదో, ఎక్కడ దింపాలో మనమే చూసుకోవాలి.

ఫోను చెప్పలేనిది ఒకటుంది. వెతికిన చెయ్యి డబ్బు తీస్తుందో లేదో అది చెప్పదు. అందుకని చివరికి ఒక కిలో చేసి పదిమందికి అమ్మి చూడాలి. పంచడం కాదు, అమ్మడం. ఊరికే పెడితే ఎవరైనా బాగుందనే అంటారు!

ఇంతకీ ఆ పదిహేను సాయంత్రాలు దొరకడమే మనకు గగనం. అన్నీ ఉచితమే అంటున్నాను గానీ ఆడవాళ్ళ సమయానికి ధర కట్టరు కనుకనే అలా అనిపిస్తుంది. ఆ అమ్మాయి ఫోను పట్టుకుంటే వాళ్ళత్తగారు ‘పొద్దస్తమానం ఆ ఫోనేనా?’ అన్నారు. కొడుకు పట్టుకుంటే మాత్రం ‘పాపం, ఆఫీసు పని’! లాభం వచ్చాక సంతోషించడానికి అందరూ ఉంటారు. లెక్క చూసుకునేటప్పుడు కుక్కరు దింపేవాళ్ళుండరు. భర్తగారు ఆ గంటసేపు పిల్లల హోంవర్కు చూస్తే శిక్షణ ఫీజు మిగిలినట్టే కదా.

ఆ అమ్మాయి ఉగ్గు మానుకుంది. నోటుపుస్తకంలో ఇప్పుడు కొత్త పేజీ మొదలైంది. జంతికలు కొన్నవాళ్ళు పెట్టిన ఫిర్యాదుల్లో ‘మా మామగారు కొరకలేకపోయారు’ అన్నది మళ్ళీ మళ్ళీ కనబడిందట. పళ్ళు లేని పెద్దవాళ్ళు తినగలిగే మెత్తటి, తీపి తక్కువ చిరుతిళ్ళు ఎవరు అమ్ముతున్నారు, ఎంతకి అమ్ముతున్నారు అని వెతుకుతోంది. నిన్న సాయంత్రం సున్నుండలు అరకిలో చేసి, వాళ్ళత్తగారికే మొదట రుచి చూపించింది. ఆవిడ రెండు తిని, ‘నెయ్యి ఇంకాస్త పడాలి’ అన్నారట.