గడువులన్నీ పేదోడికేనా?

చదువు పూర్తయింది, ఆఫర్ లెటర్ వచ్చింది, కంపెనీవాళ్లు ఒరిజినల్స్ తెమ్మన్నారు. కాలేజీకి వెళితే కౌంటర్ దగ్గర ఒకటే మాట: "నీ ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు. ఫీజు కట్టి టీసీ, మెమోలు పట్టుకెళ్లు. సర్కారు ఇచ్చాక నీకు తిరిగిస్తాం." తెలంగాణలో ఎంతమంది పిల్లలు ఈ మాట విని ఇంటికి మళ్లుతున్నారో ఎవరికైనా పట్టిందా?

బీసీ కుటుంబానికి పల్లెలో ఏడాది ఆదాయం లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదని షరతు పెట్టింది సర్కారే. తహసీల్దారు ఆఫీసు నుంచి ఆ ఆదాయం కాగితం తెప్పించుకున్నదీ సర్కారే. ఇంటిల్లిపాది ఏడాది సంపాదనంత సొమ్ము ఇప్పుడు ఒక్కసారే తెమ్మంటే ఆ తండ్రి ఎక్కడికి పోవాలి? నూటికి మూడు రూపాయల వడ్డీకి పోతున్నాడు. లేదంటే తల్లి మెడలో పుస్తెలతాడు కుదువకు పోతోంది.

ఆ ఇంటి పిల్ల చేయాల్సినవాటిలో ఏది చేయలేదు? కులం సర్టిఫికెట్ తెచ్చింది. ఏటా ఈ-పాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు రెన్యువల్ చేసుకుంది. మీసేవ ముందు వరుసలో నిలబడింది. సెలవుల్లో పత్తి ఏరి గీరుకుపోయిన వేలి ముద్ర మిషన్‌లో పడకపోతే మర్నాడు మళ్లీ వెళ్లింది. 75 శాతం హాజరు తప్పనివ్వలేదు. వీటిలో ఏ ఒక్కటి గడువు దాటినా దరఖాస్తు బుట్టదాఖలే. మరి డబ్బివ్వాల్సినవాళ్లకు గడువేదీ? బిల్లుకు టోకెన్ వేశామంటారు, ట్రెజరీలో ఉందంటారు. ఏళ్లు గడిచిపోతాయి, ఒక్క అధికారి జీతం ఒక్కరోజైనా ఆగదు!

2008లో మొదలైన పథకం ఇది. ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజీ గడప తొక్కని వేల కుటుంబాల నుంచి ఇంజినీర్లు వచ్చింది దీనివల్లే. దాన్నే పాలకులు కొరుక్కుతింటూ వచ్చారు. ఇంజినీరింగ్‌లో బీసీ పిల్లలకు ప్రవేశ పరీక్షలో పదివేలు దాటిన ర్యాంకు వస్తే చాలామందికి 35 వేలే ఇస్తారు. హైదరాబాద్‌లో పేరున్న కాలేజీల ఫీజు లక్ష దాటి ఎన్నాళ్లయిందో వాళ్లకు తెలియదా? అదే కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా సీటుకు లక్షలు పోసినవాడి ర్యాంకు ఎంతని మాత్రం ఎవరూ నిలదీయరు.

2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. కొంత ఇస్తామని సర్కారు మాటిచ్చాక తలుపులు తీశాయి. ఆ బేరంలో కుర్చీ లేనిది విద్యార్థికే, పాఠాలు పోయిందీ విద్యార్థికే.

ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట కాలేజీ కౌంటర్ దాకా ఎందుకు రాలేదు? రప్పించాల్సినవాళ్లు ఏం చేస్తున్నారు? బడ్జెట్‌లో కేటాయింపు చదువుతుంటే బల్లలు చరిచారు కదా, ఇప్పుడు బకాయి చెల్లించే తేదీ కూడా అలాగే చదివి వినిపించండి. ఆ తేదీ వచ్చేదాకా ఏ కాలేజీ ఒక్క మెమో ఆపినా గుర్తింపు రద్దు చేస్తామని జీవో ఇవ్వండి.