గృహనిర్వహణము: తక్కువ సొమ్ముతో చెక్కపలకల గోడ

మట్టిగోడ వానలకు పెచ్చులూడి, సున్నము నిలువక, ఆనుకొని కూర్చున్నవారి చీరలకు తెల్లగా నంటుచుండుట పూండి పరిసరముల పాత యిండ్లలోని గృహిణుల కెరుకయే. అట్టి గోడకు చెక్కపలకలు తొడుగుట ధనికుల వేడుక యని పలువురు తలతురు. ఉద్దానమున నది యంత నిజము కాదు.

2018 అక్టోబరు 11వ తేది వేకువను తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కకు మిక్కిలిగా గూలినవి. కూలిన చెట్టును చూచినంతనే వంటచెరకుగా నెంచుట మన యలవాటు. పచ్చని చెట్టును గోడకొరకు గొట్టుట మాకు సమ్మతము కాదు; కాచు పనస గోడకంటె విలువైనది. కాని గాలికి బడినదానిని, మోడువారినదానిని గొడ్డలి కప్పగింపకముందు వడ్రంగికి జూపుడు.

పనసచేవ పసుపువన్నెతో నుండి చెదలకు సులభముగా లొంగదు. బొబ్బిలి వీణలు చేయునది యీ కర్రతోనే. మామిడి చవుకయే గాని చెదల కిష్టము. జీడికర్ర మెత్తన, పురుగు పట్టును. కొబ్బరిమ్రానున వెలుపలి భాగమే గట్టిది. నడిమిభాగము గోడకు పనికిరాదు.

కోతమిల్లునకు బంపునపుడు లెక్క మన చేతిలో నుండవలెను. పది యడుగుల పొడవు, ఎనిమిది యడుగుల యెత్తు గల గోడ 80 చదరపుటడుగులు. అంగుళము మందపు పలకలకు సుమారు ఆరు ముప్పాతిక ఘనపుటడుగుల కర్ర పట్టును. అర యంగుళమైనచో నందు సగము. వెనుక గోడ యుండనే యున్నది గనుక నర యంగుళము చాలును. రంపపుపొట్టుగా బోవుదానిని వేరుగా గలుపుకొనుడు. నాలుగడుగుల యెత్తువరకే తొడిగినచో ఖర్చు మరల సగమగును. పిల్లల చేతులు, మన వీపులు తగులునది యా భాగమే కదా! పైన సున్నము వేసినచో గదికి వెలుతురు తగ్గదు.

కోసిన పలకలను నీడలో, నడుమ సన్నని బద్దలుంచి, దొంతులుగా బేర్చి యారనీయవలెను. పచ్చిపలక కొట్టినచో వంకరపోవును, సందులు విచ్చును. తొందరపెట్టు మేస్త్రీ మాట వినకుడు.

గోడ చెమ్మగా నున్నచో నా తడి యెక్కడిదో ముందు కనుగొని మాన్పుడు. లేనియెడల పలకల చాటున చెదలు పుట్టిల్లు చేసికొనును. గోడకు బద్దలు గొట్టి, వానిపై నాలుగైదంగుళముల వెడల్పు పలకలు నిలువుగా నమర్పవలెను. గాలి యాడుటకు బద్దల నడుమ సందులు, పలకల క్రింద రెండంగుళముల యెడము విడువవలెను. వానకాలమున కర్ర యుబ్బును గనుక పలకల యంచులు బిగియరాదు. సముద్రపు టుప్పుగాలికి వట్టి యినుపమేకులు త్వరలో తుప్పుపట్టును. జస్తాపూత గలవానినే కొనుడు.

జీడిపిక్కల తొక్కనూనె చెదలను దూరముంచును గాని చర్మమును గాల్చును. పిక్కలు కొట్టు స్త్రీల చేతులు చూచినవారికి వేరుగా జెప్పనక్కరలేదు. చేతితొడుగులు వేసికొని, ఆరుబయట, పలకల వెనుకవైపున మాత్రమే పూయవలెను. ముందువైపునకు అవిసెనూనె రెండు పూతలు చాలును. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూల బడవేయకుడు. వానంతట నవియే వేడెక్కి యంటుకొనగలవు. బయట విడివిడిగా నారవేసి, పూర్తిగా నెండిన తరువాతనే పారవేయుడు.