మిగిలిన నొప్పికి బాధ్యులెవరు?

హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమా గల్లీల్లో ఒక మహిళకు రొమ్ములో గడ్డ తగిలితే ఎటు పోవాలో ఇరుగుపొరుగే చెబుతారు. ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. మెహదీ నవాజ్ జంగ్ పేరుతో 1955లో మొదలైన ఆ ప్రభుత్వ ఆస్పత్రికి తెలంగాణ జిల్లాల నుంచే కాదు, పక్క రాష్ట్రాల నుంచీ రోగులు వస్తారు. ఆపరేషన్, కీమో, జనం ‘కరెంటు’ అని పిలిచే రేడియేషన్ అక్కడ దొరుకుతాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం ఈ చికిత్సల ఖర్చులో పెద్ద భాగాన్ని పేద కుటుంబాల నెత్తి మీద నుంచి దించింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. రద్దీ, నిరీక్షణ, ఆటో ఛార్జీల బాధలు ఎన్ని ఉన్నా, చికిత్సకంటూ ఒక దారి ఉన్నమాట నిజం.

చివరి కరెంటు పెట్టిన రోజుతో ఆ దారి ఆగిపోతుంది. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమంటారు. ఇంటికి వచ్చిన మనిషికి తెల్లవారి లేవగానే వేళ్లు ముడుచుకోవు. అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. భుజం పైకి లేవదు. రాత్రంతా పడుకున్నా పొద్దున్నే ఒళ్లు బరువుగా ఉంటుంది. ‘రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, ఇంకేంటి?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆమె దగ్గర జవాబుండదు. ఈ నొప్పి ఏ ప్యాకేజీలోనూ లేదు, ఏ రిజిస్టరులోనూ లేదు. చికిత్స చేసే వ్యవస్థను కట్టుకున్న మనం, చికిత్స మిగిల్చిన బాధను చూసే బాధ్యతను ఎవరికీ అప్పగించలేదు. అదే అసలు లోపం.

ఈ బాధ ఊహ కాదు, దానికి తెలిసిన కారణాలున్నాయి. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ వంటి కీమో మందులు చేతులు, కాళ్ల చివర్లలోని నరాలను దెబ్బతీస్తాయి. రొమ్ము క్యాన్సర్ మళ్లీ రాకుండా ఐదేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలతో దాదాపు సగం మంది మహిళలకు కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు పలచబడతాయి. చంకలో గ్రంథులు తీసిన చేతికి నీరు పట్టి వాపు రావచ్చు. గుట్కా, జర్దా అలవాటుతో నోటి క్యాన్సర్ తెచ్చుకుని, మెడకు రేడియేషన్ తీసుకున్నవారిలో కొందరికి నెలలు, సంవత్సరాలు గడిచాక థైరాయిడ్ మందగిస్తుంది. నీరసం వెనక రక్తహీనత ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, నిద్రలేమి, దిగులు, నెలల తరబడి కదలక కరిగిపోయిన కండ ఉండొచ్చు. వీటిలో చాలావాటిని మామూలు రక్త పరీక్షతో, నాలుగు సరైన ప్రశ్నలతో పట్టుకోవచ్చు.

పాతబస్తీలో ఈ బాధ ఒంటితో ఆగదు, సంపాదన మీద పడుతుంది. ఇక్కడ ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు గడప దాటకుండానే పని చేస్తారు. మగ్గం మీద జరీ కుట్టడం, బట్టలు కుట్టడం, లక్క గాజులకు రాళ్లు అద్దడం లాంటి పనులన్నీ వేలికొసలతో చేసేవే. స్పర్శ పోయిన వేలికి సూది గుచ్చుకున్నా తెలియదు, వేడి లక్క అంటుకున్నా ఆలస్యంగా తెలుస్తుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంతోషించాం. ఆ గాజులు చేసే చెయ్యి కీమో తర్వాత తిమ్మిరెక్కితే దానికి వైద్యం ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోతున్నాం.

దారి లేనిచోట అడ్డదారులు పుడతాయి. మొదటిది ‘ఆరాం’. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే మంచం దిగనివ్వరు. జ్వరం తర్వాత నీరసానికి విశ్రాంతి మందు కావచ్చు గానీ, క్యాన్సర్ చికిత్స తర్వాతి అలసటను అతి విశ్రాంతి ఇంకా పెంచుతుంది. రెండోది గల్లీ చివర క్లినిక్‌లో ‘బలానికి’ ఎక్కించే సెలైన్. ఉప్పునీళ్లు, కాస్త గ్లూకోజు రక్తహీనతనూ తగ్గించవు, థైరాయిడ్‌నూ సరిచేయవు. మూడోది మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తీసుకున్నవారి మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. రోజూ ఆ మాత్ర మింగితే అవి మరింత పాడవొచ్చు. నాలుగోది ఎముకలకు నాటు వైద్యం చేసే పహిల్వాన్ దవాఖానాలో కట్టు, మాలిష్. పలచబడిన ఎముకను, లేదా క్యాన్సర్ పాకిన ఎముకను గట్టిగా నొక్కితే విరిగే ప్రమాదం ఉంది.

వీటన్నిటికంటే పెద్ద నష్టం ఎవరికీ కనిపించకుండా జరుగుతుంది. కీళ్ల నొప్పులు భరించలేక కొందరు లెట్రోజోల్‌ను ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. డాక్టర్‌కు చెబితే మాత్ర మార్చవచ్చు, కొన్నాళ్లు ఆపి చూడవచ్చు. చెప్పకుండా మానేస్తే క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. అంటే నొప్పిని పట్టించుకోకపోవడం వల్ల, లక్షలు పోసి చేయించిన చికిత్స ఫలితమే చేజారవచ్చు. ఖర్చు లెక్కలు చూసే ప్రభుత్వానికి ఈ ఒక్క కారణం చాలాలి.

మరి పనిచేసేదేమిటి? గత కొన్నేళ్ల పరిశోధనలన్నీ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి: కొలతగా, క్రమంగా కదలడం. వారానికి మూడు సార్లు అరగంట చొప్పున నడక, రెండు సార్లు కండకు పని చెప్పే వ్యాయామం అలసటను తగ్గిస్తాయని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. లెట్రోజోల్ తరహా మాత్రలు వాడుతూ కీళ్ల నొప్పులతో బాధపడుతున్న 121 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. ఏడాది పాటు వ్యాయామం చేసినవారిలో అత్యంత తీవ్రంగా ఉన్నప్పటి నొప్పి స్కోరు 29 శాతం తగ్గింది. పెద్దపేగు క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన 889 మందిపై జరిగిన మరో అధ్యయనం 2025లో వచ్చింది. మూడేళ్ల పర్యవేక్షణతో వ్యాయామం చేసినవారిలో క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు కూడా తగ్గిందని అది చూపింది. నరాల నొప్పికి డ్యులోక్సెటిన్ అనే మాత్ర కొంత ఉపశమనం ఇస్తుందని 2013లోనే తేలింది.

ఇక్కడో న్యాయమైన ప్రశ్న వస్తుంది. జహనుమాలో ఆడమనిషి ఎక్కడ నడవాలి? గల్లీ నిండా బైకులు, ఫుట్‌పాత్ మీద దుకాణాలు. మీరాలం చెరువు పార్కుకు రోజూ వెళ్లిరావడం అందరికీ కుదరదు. అందుకే ‘వాకింగ్ చేయండి’ అని చీటీ మీద రాసేస్తే సరిపోదు. మేడ మీద పూటకు పది నిమిషాల చొప్పున మూడు పూటలా నడవొచ్చు, కుర్చీలో నుంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవచ్చు, గోడ మీద వేళ్లు పాకిస్తూ భుజాన్ని పైకి లేపవచ్చు. ఇవి ఒకసారి చేసి చూపించే ఫిజియోథెరపిస్టు కావాలి, నెల తర్వాత మళ్లీ అడిగే మనిషి కావాలి. మన వ్యవస్థలో లేనిది సరిగ్గా ఆ మనిషే.

ఈ ఖాళీని ప్రపంచం ఎప్పుడో గుర్తించింది. తానే క్యాన్సర్ బారినపడి బయటపడిన అమెరికన్ వైద్యుడు ఫిట్జ్‌హ్యూ ముల్లన్, చికిత్స తర్వాతి జీవితాన్ని ప్రత్యేక దశగా చూడాలని 1985లోనే వాదించారు. చికిత్స ముగిసిన ప్రతి రోగి చేతిలో తర్వాతి సంరక్షణకు రాతపూర్వక ప్రణాళిక పెట్టాలని 2005లో ఆ దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సిఫారసు చేసింది. 2022లో మన దేశంలో కొత్తగా క్యాన్సర్ సోకినవారు 14 లక్షలకు పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం అంచనా. చికిత్స మెరుగుపడే కొద్దీ బతికి బట్టకట్టేవారు పెరుగుతారు, వారితోపాటే ఈ బాధలూ పెరుగుతాయి.

మనం కొత్తగా భవనాలు కట్టనక్కర్లేదు. 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానాలున్నాయి. ఉచిత పరీక్షలకు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఉంది. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం ఉంది. ఆ కార్యక్రమం క్యాన్సర్‌ను వెతుకుతుంది గానీ, దాన్ని జయించి వచ్చినవారిని లెక్కలోకి తీసుకోదు. నొప్పి తగ్గించే పాలియేటివ్ సేవలు ఎంఎన్‌జేలోనూ, జిల్లాల్లో ‘ఆలన’ పేరిటా నడుస్తున్నాయి. కానీ అవి ఎక్కువగా ముదిరిన దశ రోగులకే సరిపోతున్నాయి. జబ్బు నయమై, నొప్పి మిగిలినవారు ఈ రెంటికీ నడుమ జారిపోతున్నారు.

చేయాల్సింది ఐదు పనులు. చికిత్స ముగిసిన రోజున తెలుగులో, ఉర్దూలో ఒక కాగితం ఇవ్వాలి: ఏ మందులు పడ్డాయి, ఏ ఇబ్బందులు రావచ్చు, ఎప్పుడు పరుగెత్తుకు రావాలి. బస్తీ దవాఖానా రిజిస్టరులో వారికో గడి పెట్టి నొప్పి, నిద్ర, దిగులు, వాపు, తిమ్మిరి గురించి అడగాలి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించాలి. కొన్ని దవాఖానాలను కలిపి వారానికో రోజు ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టాలి. ఆరోగ్యశ్రీలో చికిత్స తర్వాతి పునరావాసానికి చిన్న ప్యాకేజీ చేర్చాలి.

ఉన్న రోగులకే సమయం చాలని బస్తీ డాక్టర్‌పై ఇంకో భారమా అని అడగొచ్చు. నొప్పిని మామూలుదనుకుని తిరగబెట్టిన క్యాన్సర్‌ను వదిలేస్తే ఎలా అనీ అడగొచ్చు. మొదటి అభ్యంతరంలో నిజముంది, అందుకే ఫిజియోథెరపిస్టు, శిక్షణ పొందిన నర్సు అవసరం. రెండో భయానికి మందు కూడా ఇదే ఏర్పాటు. ఒకేచోట రోజురోజుకూ పెరిగే ఎముక నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రికి పంపాలి. వెన్నునొప్పితోపాటు కాళ్లు బలహీనమైనా, వాచిన చెయ్యి ఎర్రబడి జ్వరం వచ్చినా అదే రోజు పంపాలి. ఇవాళ ఇలా అడిగేవారు లేకనే ఆ సంకేతాలు మాలిష్‌ల కింద, మాత్రల కింద నెలల తరబడి మరుగున పడుతున్నాయి.

ప్రభుత్వం కదిలేలోపు రోగులు చేయగలిగిందీ ఉంది. తర్వాతి రివ్యూలో డాక్టర్ ముందు కూర్చోగానే, రిపోర్టుల ఫైలు తెరవకముందే నొప్పి సంగతి చెప్పండి. ఏ మాత్రనూ మీ అంతట మీరు మానకండి. దిగులు కమ్మేస్తే 14416 నంబరుకు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌లో మాట్లాడేవారున్నారు. ఇంట్లోవాళ్లు మంచం పరచడం మాని, పక్కన నాలుగడుగులు నడవండి. ప్రభుత్వానికి చెప్పాల్సింది ఒక్కటే: మనిషిని బతికించడానికి డబ్బు పెట్టినవారు, ఆ మనిషి మళ్లీ లేచి తన పని చేసుకునేదాకా చూడకపోతే ఆ చికిత్స సగమే.