వెలుగును విశ్రాంతియును

దీపముండగానే ఇల్లు చక్కదిద్దుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. ఈ దినములలో మన చేతనుండు చిన్న కంప్యూటరునకును ఆ మాట చెల్లును. సాయంకాలమునకే బ్యాటరీ అడుగంటినదని వగచు విద్యార్థులు పెక్కురు గలరు. అది దేనికి వ్యయమైనదో విచారించువారు అరుదు. ఎవరును చూడని వెలుగునకును, ఏ పనియు లేని మెలకువకును దానిని వ్యర్థపుచ్చుట తగదని నా అభిప్రాయము.

ఈ విషయమున 1996వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన పైలట్ అను చేతి కంప్యూటరు మనకు మంచి పాఠము. అది రెండు సన్నని బ్యాటరీలతో వారముల తరబడి పనిచేసెడిది. ఆ బ్యాటరీలయందు విశేషమేమియు లేదు. యంత్రమే మితవ్యయము గలది. దాని తెరకు సొంత వెలుగు లేదు. పరిసరముల వెలుతురుననే అక్షరములు కనబడెడివి. 1997లో వచ్చిన పామ్‌పైలట్‌నకు తెర వెనుక దీపము నమర్చిరి. అయినను మీటను కొంతసేపు అదిమిపట్టినగాని అది వెలుగదు. కొన్ని నిమిషములు ఎవరును తాకనియెడల యంత్రము తనంతట తానే నిద్రించెడిది. నిద్రించినను వ్రాసినది చెరిగిపోదు. జ్ఞాపకమును నిలుపుటకు చాలునంతటి విద్యుత్తు మాత్రమే వ్యయమగుచుండెను.

ఇచ్చట రెండు సంగతులను గుర్తింపవలెను. తెర ఆరుట వేరు, యంత్రము నిద్రించుట వేరు. తెర ఆరినను లోపల పనులు సాగుచున్నయెడల బ్యాటరీ తరుగుచునే యుండును. మరియు నల్లని పుట అన్ని తెరలకును పొదుపు కాదు. సాధారణమైన ఎల్.సి.డి. తెరపై నలుపు చూపినను వెనుక దీపము వెలుగుచునే యుండును. ఓ.ఎల్.ఇ.డి. తెరయందు ప్రతి బిందువును తానే వెలుగును గనుక, నల్లని చోట వెలుగు వ్యయము లేదు.

తెర త్వరగా ఆరినచో చదువునకు అంతరాయమని కొందరందురు. అది నిజమే. కావున చదువునప్పుడు గడువును పొడిగించుకొనుట తప్పు కాదు; చదువు ముగిసిన పిమ్మట మరల తగ్గింపకుండుటయే తప్పు. పెద్ద బ్యాటరీ కొన్న చాలదా యని మరికొందరి ప్రశ్న. కుండ పెద్దదైనంత మాత్రమున చిల్లు పూడునా? బరువును వెలయును మాత్రము హెచ్చును.

కావున యంత్రములను చేయువారు పొదుపునే మొదటి నియమముగా నమర్చి, దానిని మార్చు స్వాతంత్ర్యమును మనకు విడువవలెను. మనమును తెర వెలుగును గదికి తగినంతకు తగ్గించి, గడువును ఒకటి రెండు నిమిషములకు నిలిపి, అక్కరలేని పనులను ఆపవలెను. తల్లిదండ్రులు తమ పిల్లలకు ఈ అలవాటు నేర్పుదురుగాక. పరీక్షకు ముందటి రాత్రి కరెంటు పోయినయెడల, పగలు మిగిల్చిన ఆ కొద్దిపాటి విద్యుత్తే వారికి అక్కరకు వచ్చును.