బంతి అందరి కాళ్ళకూ తగలాలి

శుక్రవారం సాయంత్రం ఎండ తగ్గగానే మా క్యాంపు వెనక ఖాళీ స్థలంలోకి బంతి వస్తుంది. గడ్డి లేదు, ఇసుక, దాని కింద గట్టి నేల. నాలుగు ఖాళీ డ్రమ్ములే గోల్ పోస్టులు. వారమంతా ఇనుము వంచిన చేతులు, సిమెంటు మోసిన భుజాలు ఆ పూట బరువు మరచిపోతాయి. ఖతార్‌లో ఉంటున్న మనవాళ్ళకు ఇది కొత్త దృశ్యం కాదు. తెలుగువాళ్ళలో ఎక్కువమందికి క్రికెట్టే ప్రాణం. కాని మలయాళీల పక్కన, నేపాలీల పక్కన ఉంటూ మనమూ ఫుట్‌బాల్ పట్టాం. పట్టాం గాని ఒక మాట ఒప్పుకోవాలి. మనకు పరుగు ఉంది, బలం ఉంది, పాస్ లేదు.

గత చలికాలంలో పక్క క్యాంపు మలయాళీ కుర్రాళ్ళతో సెవెన్స్ ఆడాం. ఒకటి కొట్టి ఆరు గోల్స్ తిన్నాం. వాళ్ళేమీ మనకన్నా బలవంతులు కారు. కాని బంతి ఏ ఒక్కరి దగ్గరా ఆగేది కాదు, మేం చేరేలోపే ఇంకొకరి కాలి దగ్గరుండేది. మా సంగతి వేరు. జగిత్యాల అబ్బాయి జగిత్యాల అబ్బాయికే ఇస్తాడు. కడప అతను తన రూమువాడి కోసమే చూస్తాడు. కొత్తగా వచ్చిన నిజామాబాద్ కుర్రాడు ఎడమ అంచున చెయ్యెత్తుకుని నిలబడితే ఆట మొత్తం మీద అతనికి బంతి నాలుగుసార్లు వచ్చిందేమో. ఆ రాత్రి మెస్సులో ఓటమి గురించి అందరం మాట్లాడాం, అతని గురించి ఎవరమూ మాట్లాడలేదు. మరుసటి శుక్రవారం అతను గ్రౌండుకు రాలేదు. ఆరు గోల్స్ కన్నా అదే మాకు ఎక్కువ తగిలింది.

పాస్ ఇవ్వడం పుట్టుకతో వచ్చే గుణం కాదు, నేర్పితే వస్తుంది. ఈ సంగతి మన హైదరాబాదుకు ఎప్పుడో తెలుసు. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమా చూసినవాళ్ళకు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుంటారు. ఆయన హైదరాబాదీ, వృత్తి పంతులుగిరీ. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ రోజుల్లో ఆయన ఒక పని చేశారు. బంతిని కాళ్ళతో తిప్పుకుంటూ పోవడానికి వీల్లేని పోటీలు పెట్టించారు. కుర్రాళ్ళు బంతిని తోటివాడికి ఇచ్చి తీరాలి, వేరే దారి లేదు. మా గ్రౌండులో మేం మొదలుపెట్టింది ఆ బాటలోనే.

చేసేది ఇంతే. పదేసి అంగల దూరంలో నాలుగు మూలలకు నాలుగు నీళ్ళ సీసాలు, గాలికి పడిపోకుండా ఇసుక నింపి పెడతాం. మూలకు ఇద్దరు నిలబడతారు. బంతి ఇచ్చినవాడు, అది పోయిన మూలకే పరుగెత్తాలి. షరతులు మూడు. ఒకసారి తాకి ఆపాలి, రెండోసారి తాకి ఇచ్చేయాలి. కాలి లోపలి అంచుతో, నేలమీదుగా ఇవ్వాలి. ఇచ్చేముందు అవతలివాడిని పేరు పెట్టి పిలవాలి.

ఈ మూడోదే మాకు కష్టమైంది. రెండేళ్ళుగా ఒకే బస్సులో డ్యూటీకి పోతున్నవాళ్ళకు ఒకరి పేరు ఒకరికి తెలియదు! ‘పదిహేడో రూము భాయ్’, ‘స్కఫోల్డింగ్ అన్న’ అంటూ గడిపేశాం.

తర్వాత పది నిమిషాలు కోతి ఆట. ఐదుగురు చుట్టూ, ఇద్దరు మధ్యలో. బంతి పోగొట్టినవాడు మధ్యలోకి రావాలి. పెద్ద పెద్ద క్లబ్బులవాళ్ళు రోండో పేరుతో సాధన చేసేది దీన్నే. ఇందులో బంతి ఉన్నవాడికన్నా లేనివాడికే పని ఎక్కువ. ఇచ్చేవాడికి కనబడేటట్టు అటో ఇటో జరగాలి. చివర్లో చిన్న మ్యాచ్. జట్టులో అందరి కాళ్ళకూ బంతి తగిలాకే గోల్ లెక్క. ఊరు చూసి, రూము చూసి జట్లు కట్టుకోనివ్వం.

‘ఆరు రోజులు ఫోర్‌మన్ మాట వింటున్నాం, ఏడో రోజు కూడా డ్యూటీయేనా’ అని కొందరు అన్నలు విసుక్కున్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. అందుకే అంతా కలిపి అరగంట దాటనివ్వం, అజమాయిషీ వంతులవారీగా మారుతుంది. కాని ఒక లెక్క చూడండి. మ్యాచ్‌లో నాలుగుసార్లు బంతి తగిలిన కుర్రాడికి ఈ సాధనలో నాలుగు నిమిషాల్లోనే అంతకన్నా ఎక్కువసార్లు తగులుతుంది. ఇక కాలు సంగతి. బంతిని పట్టుకుని ముగ్గురి మధ్యలోకి దూరినవాడి మడమే మెలిపడేది. కాలు వాస్తే డ్యూటీ పోతుంది, డ్యూటీ పోతే జీతం కోత, ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది. బంతి ముందే వదిలినవాడి కాలు క్షేమం. వేసవిలో మాత్రం ఎండలో వద్దు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పది నుంచి మూడున్నర వరకు బయట పనే ఆపాలని ఇక్కడి చట్టం చెబుతుంటే, ఆ వేళ ఆట దేనికి? రాత్రి ఆడుకుందాం.

దీంతో అన్నీ చక్కబడ్డాయని చెప్పం. అప్పు దగ్గర మాటలు పోయిన ఇద్దరు మాలో ఉన్నారు. ఆ అప్పు ఇంకా తీరలేదు, కలిసి టీ తాగరు. కాని శుక్రవారం ఒకరి పేరు ఒకరు పిలిచి బంతి ఇచ్చుకుంటున్నారు. పని దగ్గర కూడా, పైనుంచి పైపు దించే అతను కింద ఉన్నవాడిని ‘ఓయ్’ అనకుండా పేరుతో పిలవడం ఈమధ్యే వింటున్నాం. పేరుతో పిలిస్తే తల వెంటనే పైకెత్తుతాడు. అక్కడ అదే ప్రాణరక్ష.

మలయాళీ కుర్రాళ్ళతో మళ్ళీ ఆడాం. ఈసారి మూడు తిన్నాం, రెండు కొట్టాం. రెండో గోల్ పాస్ ఎడమ అంచునుంచి వచ్చింది. నిజామాబాద్ తమ్ముడిది. మేమే రూముకు వెళ్ళి పిలుచుకొచ్చాం.

మీ క్యాంపులోనూ అంచున నిలబడి చెయ్యెత్తే తమ్ముడు ఒకడు ఉండే ఉంటాడు. వచ్చే శుక్రవారం ముందు అతని పేరు కనుక్కోండి. తర్వాత బంతి ఇవ్వండి.