సున్న వడ్డీ

కొడంగలు అంగడివీథిలో గాని తాండూరు బజారులో గాని పది నిమిషములు నిలిచినవానికి అర్థశాస్త్రపాఠములు కావలసినన్ని లభించును. పన్నులు తగ్గినచో దేశము తనంతట బాగుపడునని యొకరు, విదేశపు సరకు కొనువాడు ద్రోహి యని మరియొకరు, ఫలాని కంపెనీవారి ఫోనే ఫోను, తక్కినవన్నియు తుక్కని వేఱొకరు వాదించుచుందురు. 2025 సెప్టెంబరు 22వ తేదీన వస్తుసేవల పన్ను సవరింపబడినప్పుడు ఫోనులు చౌక యైనవని సంబరపడినవారిని మే మెఱుగుదుము. నేతిపై పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గిన మాట నిజమే. చేతిఫోనుపై పన్ను మాత్రము మునుపటివలెనే 18గా నిలిచినది. మనకు అభిప్రాయములకు కొఱత లేదు, విచారణకే కొఱత.

అభిప్రాయము కలిగియుండుట దోషము కాదు. ఢిల్లీ విధానములను గూర్చి గొంతు చించుకొనువాడు ఆ సాయంకాలమే దుకాణములో చదువని కాగితముపై సంతకము చేయుటయే దోషము.

తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కందులను మార్కెట్టుకు తెచ్చు రైతును చూడుడు. కాటా సరిగా నున్నదా, తేమ ఎంత చూపినది, తరుగు ఏల తీసితిరి అని అడ్తిదారును నిలదీయును. ఆ రైతే కుమారునికి ఫోను కొనబోయి, 'సున్న వడ్డీ, నెలకు వేయి' అను పలక చూచినంతనే నోరు మూసికొనును. కందుల వ్యాపారిని శంకించుట వివేకమట. ఫోనుల వ్యాపారిని శంకించుట మోటుతనమట!

ఒక చిన్న లెక్క వేయుదము. ఫోను వెల 12,000 రూపాయలనుకొనుడు. రొక్కమిచ్చువానికి దుకాణదారు వేయి తగ్గించి 11,000కే యిచ్చును. వాయిదాలవాడు నెలకు వేయి చొప్పున పండ్రెండు నెలలు కట్టును. అనగా 11,000 అప్పు తీసికొని 12,000 తీర్చుచున్నాడు. ప్రతి నెల అసలు కొంత తీఱుచునే యుండును గనుక, ఆ వేయి రూపాయలు ఏడాదికి నూటికి సుమారు 16 వడ్డీ యగును. దీనికి తోడు, లెక్కలో కనబడని రుసుము వేఱుగా నుండవచ్చును. సున్న వడ్డీ యనునది లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టపఱచినది. అయినను పలకలు దిగలేదు.

పూర్వము తెలంగాణమున నాగు అను పద్ధతి యుండెడిది. విత్తునాడు తెచ్చిన గింజలకు కోతనాడు ఒకటిన్నర రెట్లు కొలువవలసి వచ్చెడిది. నాటి షావుకారు కఠినుడే. కాని తన నాగును దానమని పిలువలేదు. నేటి వర్తకుడు అంతకంటె తెలివిగలవాడు.

ఈ అజాగ్రత్త ఎంతదూరము పోగలదో 2020లో చూచితిమి. ఫోనులోనే క్షణములో అప్పిచ్చు సంస్థలు ఋణగ్రస్తుల బంధుమిత్రుల నంబరులను ఫోనునుండి లాగికొని, వారికి ఫోనులు చేసి, పరువు తీసినవి. తెలంగాణములో కొందఱు ప్రాణములే తీసికొనిరి. పోలీసులు పలువురను నిర్బంధించిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమములు చేసి, అప్పిచ్చువారి ఆప్‌లు ఫోనులోని పరిచయస్థుల పట్టికను చూడరాదని శాసించినది. నియమము వచ్చునప్పటికే కొన్ని యిండ్లలో దీపములాఱినవి.

ఫోను వలదని మేము చెప్పుట లేదు. 2020 సెప్టెంబరు 1 నుండి మన బడిపిల్లలు దూరపాఠములు విన్ననాడు, ఫోను లేని యింటి బాలిక పొరుగింటి అరుగుపై కూర్చుండుటను మావంటి ఉపాధ్యాయులు చూచినారు. వాయిదాలు లేకున్న బీదవాడెట్లు కొనుననెడి ప్రశ్నయు న్యాయమైనదే. వాయిదా పాపము కాదు. వడ్డీకి సున్న యని పేరుపెట్టుట పాపము, ఆ పేరును నమ్ముట అవివేకము.

ఇందుకు ఉపాయము చేతిలోనే యున్నది. 2024 అక్టోబరు 1 తరువాత బ్యాంకులును ఋణసంస్థలును గృహస్థులకిచ్చు అప్పులకు, క్రెడిట్ కార్డు బాకీలు తప్ప, ముఖ్యవివరముల పత్రమొకటి ముందుగా ఇచ్చి తీరవలెను. ఏడాదికి నిజముగా పడు వడ్డీ ఎంతో, రుసుములెన్నియో అందుండవలెను. అది ఋణము తీసికొనువానికి తెలిసిన భాషలో నుండవలెను. తెలుగు పత్రమిమ్మని అడిగినవారు మనలో నెందఱు?

చదువరులారా, మీ యిండ్లలో ఈ నెల ఎవరైనను ఫోనో, పెద్ద టీవీయో కొనబోవుచున్నచో వెంట పొండు. మీలో గృహకృత్యపు లెక్కలు చూచు స్త్రీలు తప్పక పొండు. నెల తిరిగినంతనే వాయిదా భారము పడునది వారి డబ్బాపైననే. రొక్కమునకు వెల యెంతో ముందుగా అడుగుడు. పిమ్మట తెలుగు పత్రమడుగుడు. ఇయ్యకున్న లేచి రండు. దేశపు ఆర్థికవిధానముపై మన యభిప్రాయము టీకొట్టువద్ద కాదు, ఆ బల్లముందు తెలియవలెను.